పాత టూ స్ట్రోక్ డర్ట్ బైకు: 2008 వైజెడ్250 కొనాలా, 2020 కేటీఎం 300 కొనాలా?

దుమ్ముదారి (హ్యూస్టన్)
2026 జనవరి 10, శనివారం

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఐదేళ్లుగా చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

వయసు 39. తెనాలిలో మా నాన్నగారి ఆర్‌ఎక్స్100 మీద బండి నేర్చుకున్నాను. అమెరికా వచ్చాక రెండు చక్రాల ముఖం చూడలేదు. మా ఇంటికి ఉత్తరాన శామ్ హ్యూస్టన్ జాతీయ అడవి ఉంది. అందులో మోటారు బళ్లకు వదిలిన మట్టి బాటలే 85 మైళ్ల దాకా ఉంటాయి. నిరుడు ఒక స్నేహితుడి ఫోర్ స్ట్రోక్ బండి అడిగి తీసుకుని రెండుసార్లు తిరిగాను. మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు. సొంతానికి ఒకటి కొనుక్కుందామని నిర్ణయించుకున్నాను, అదీ టూ స్ట్రోకే (పెట్రోలుతో పాటు నూనె కూడా కాల్చే ఇంజను). ఎందుకని అడగకండి. ఆ పొగ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పినా ఎక్కదు.

రెండు బళ్లు గుర్తు పెట్టుకున్నాను.

ఒకటి 2008 యమహా వైజెడ్250. అడుగుతున్నది 2,900 డాలర్లు. "నిరుడే ఇంజను పైభాగం కొత్తగా చేయించాను, ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది" అని ప్రకటనలో రాశాడు. ఫొటోల్లో ప్లాస్టిక్ పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

రెండోది 2020 కేటీఎం 300 ఎక్స్‌సీ-డబ్ల్యూ టీపీఐ (టీపీఐ అంటే కార్బురేటరు బదులు ఇంజెక్టర్లు). బటన్ స్టార్ట్. మొదట 6,200 అన్నాడు, రెండు నెలల్లో దిగుతూ దిగుతూ 5,400కు వచ్చాడు. ఎందుకింత తగ్గించారని అడిగితే, "కంపెనీ దివాలా వార్తలు చదివి వచ్చిన ప్రతివాడూ బేరమాడుతున్నాడు" అన్నాడు.

నా భయమూ అదే. ఆ వార్తలు ఏడాదికి పైగా చదువుతున్నాను, చదివినకొద్దీ అయోమయమే. రేపు స్పేర్లు దొరక్కపోతే ఏం చేయాలి? అలాగని పద్దెనిమిదేళ్ల బండి కొని చేతులు కాల్చుకోవడమా? పెద్దలు చెప్పండి.

---

నాలుగు_స్ట్రోకుల_భక్తుడు (డాలస్)
జనవరి 10

39 ఏళ్లకు మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద గెంతులేసే రేసు) టూ స్ట్రోకా? ముందు మీ ఆవిడకు చెప్పారో లేదో రాయండి, తర్వాత సలహా చెబుతాను.

నిజంగా అడిగితే హోండా సీఆర్‌ఎఫ్250ఎఫ్ తీసుకోండి. బటన్ నొక్కాలి, వెళ్లాలి, ఇంటికొచ్చి నీళ్లతో కడగాలి. పెట్రోల్లో నూనె కలిపే లెక్కలు లేవు, ఏటా పిస్టన్ మార్చే పూజలు లేవు.

---

దుమ్ముదారి
జనవరి 10

చెప్పాను. "హెల్మెట్ మంచిది కొనుక్కోండి" అంది. ఇక సలహా చెప్పండి.

---

పిస్టన్_బాబాయి (విజయవాడ)
జనవరి 11

బాబూ, ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు షెడ్డు నడిపాను. ఆర్‌ఎక్స్‌లు, ఆర్‌డీలు, షోగన్లు, యెజ్డీలు ఎన్ని విప్పానో లెక్క లేదు. వైజెడ్‌లు మాత్రం నా చేతికి వచ్చినవి మూడే, రేసు కుర్రాళ్లవి. అయినా టూ స్ట్రోక్ ఎక్కడైనా టూ స్ట్రోకే కాబట్టి చెబుతున్నాను.

అమ్మేవాడి ఇంటికి వెళ్లగానే నీ చెయ్యి హ్యాండిల్ మీద పడకూడదు, సిలిండరు మీద పడాలి. చల్లగా ఉందా, సరే. వెచ్చగా ఉందంటే నువ్వు రాకముందే చెమటోడ్చి స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. "కాఫీ తాగి గంటలో వస్తాను" అని చెప్పి బయటకు నడువు. ఒక్క కిక్కు సంగతి చల్లటి ఇంజను మీద తేలాలి.

తర్వాత ఇంజను ముందు నుంచి వచ్చే ఉబ్బు గొట్టం ఉంటుంది చూడు, అది స్ప్రింగుల మీద ఆగి ఉంటుంది. విప్పనిస్తావా అని అడుగు. ఐదు నిమిషాల పని. గొట్టం తీశాక పొగ బయటకు వచ్చే రంధ్రంలోకి టార్చి కొట్టి, కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించు. పిస్టన్ ఒళ్లు కనబడుతుంది. నున్నగా ఉంటే మంచిది. నిలువు గీతలుంటే అది ఒకసారి పట్టేసిన ఇంజను, ప్రకటనలో ఏం రాసినా సరే. విప్పనివ్వను అంటే అదీ ఒక జవాబే.

ఇక "పైభాగం కొత్తగా చేయించాను" అన్న మాట దగ్గర మనవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. ఆర్‌ఎక్స్‌లో బోరు పోత ఇనుముది. గీతలు పడితే లేత్ దగ్గరకు తీసుకెళ్లి బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసేవాళ్లం. మళ్లీ పోతే ఇంకో సైజు. నువ్వు చూస్తున్న బళ్లలో అలా కుదరదు. అల్యూమినియం సిలిండరు లోపల గట్టి పూత ఉంటుంది, చాలా పలచన. అది లేచిపోతే మళ్లీ పూత వేయించాలి, లేదా సిలిండరే మార్చాలి. పిస్టన్ కిట్టు నూటయాభై, రెండొందల డాలర్లలో వస్తుందేమో గాని, పూత ఖర్చు వేరు. అందుకని గీతలు పడ్డ సిలిండరులోనే కొత్త పిస్టన్ దింపి "కొత్తగా చేయించాను" అనేవాళ్లు మీ దేశంలోనూ ఉంటారు. రశీదు అడుగు. సిలిండరు కొలిపించావా అని అడుగు. కొలవడమంటే ఏమిటని ఎదురడిగాడా, ఇక మాటలు అనవసరం.

గాలి ఫిల్టరు తీసి, కార్బురేటరుకు వెళ్లే రబ్బరు లోపల వేలు పెట్టి తిప్పు. వేలికి గరగరమని ఇసుక తగిలితే దండం పెట్టి వచ్చెయ్.

క్రాంకు సీళ్ల సంగతి రాత్రికి రాస్తాను, మనవరాలిని ట్యూషన్‌కు దింపాలి.

---

రెండో_గేరు (హైదరాబాద్)
జనవరి 11

బాబాయి గారూ, మీరు రాసింది ప్రింటు తీసి గోడకు అంటించుకున్నాను. కాని మాకు చూడటానికి బండి ఏది? ఇక్కడ చట్టబద్ధంగా రోడ్డెక్కే కొత్త టూ స్ట్రోక్ డర్ట్ బైకు ఒక్కటీ లేదు. కవాసాకీ కేఎక్స్ తెప్పించుకున్నా ట్రాక్ మీదే, రిజిస్ట్రేషన్ కాదు. చివరికి హీరో ఎక్స్‌పల్స్ కొని దాంతోనే అనంతగిరి కొండల్లో పడుతూ లేస్తూ ఉన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, కవాసాకీ కేఎల్‌ఎక్స్230 లేదా ఎక్స్‌పల్స్ 210 చూద్దామనుకుంటున్నాను. అవీ ఫోర్ స్ట్రోకులే. ఆర్‌ఎక్స్ కొందామంటే లక్ష దాటి అడుగుతున్నారు.

---

పిస్టన్_బాబాయి
జనవరి 11, రాత్రి

ఆర్‌ఎక్స్ కొంటే చాసిస్ నంబరు మీద వేలు పెట్టి తడిమి కొను. ఆర్‌ఎక్స్100 తయారీ 1996లో ఆగిపోయింది, బళ్ల సంఖ్య మాత్రం మార్కెట్లో ఏటా పెరుగుతోంది! ఎక్కడిదో ఇంజను, ఎవరిదో కాగితం, కొత్తగా కొట్టిన నంబరు. అరగదీసి మళ్లీ పంచ్ చేసిన చోట ఇనుము కాస్త గుంటపడి ఉంటుంది, అక్షరాలు వరస తప్పుతాయి.

క్రాంకు సీళ్లు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, నూనె కలిసి ముందు క్రాంకు గదిలోకి వచ్చి అక్కడి నుంచి పైకి వెళతాయి. ఆ గదికి రెండు పక్కలా రబ్బరు సీళ్లు. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. దీనికి గుర్తు: యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వెంటనే దిగకుండా కూత పెడుతూ వేలాడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ను లాక్కుని కాలుస్తుంది. తెల్లటి పొగ ఆగదు, గేరు ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. అనుమానం ఉంటే రంధ్రాలన్నీ మూసి లోపలికి 6 పీఎస్ఐ గాలి కొట్టి నిలుస్తుందో లేదో చూడటమే. అమ్మేవాడి ఇంట్లో కుదరదు, కొన్నాక మొదటి పని అది చేయించుకో.

---

మోడరేటరు
జనవరి 12

ఆర్‌ఎక్స్ ధరల మీద వచ్చిన పద్నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ డర్ట్ బైకు గురించి మాత్రమే.

---

లింజ్_నుంచి (ఆస్ట్రియా)
జనవరి 12

కేటీఎం సంగతి నేను చెబుతాను. వాళ్ల ఊరు మట్టిగ్‌హోఫెన్ మా రాష్ట్రంలోనే ఉంది. ఇక్కడ ఏడాది పాటు బస్సులో, బేకరీలో, మంగలి దుకాణంలో ఇదే మాట.

2024 నవంబరు 29న కేటీఎం కోర్టుకు వెళ్లింది. బయట "దివాలా" అని ఒక్క మాటలో రాశారు గాని, అది తాళం వేసే దివాలా కాదు. కోర్టు నియమించిన అధికారి కనుసన్నల్లో కంపెనీని తామే నడుపుకుంటూ అప్పులవాళ్లతో రాజీకి వచ్చే పద్ధతి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కరోనా కాలంలో బళ్లకు గిరాకీ పెరిగింది, అది ఎప్పటికీ ఉంటుందనుకుని తయారు చేస్తూ పోయారు. తీరా చూస్తే రెండు లక్షలకు పైగా బళ్లు గోదాముల్లో, డీలర్ల దగ్గర పేరుకుపోయాయి. డిసెంబరులో తయారీ ఆపేశారు. జనవరిలో స్టీఫన్ పియరర్ సీఈఓ కుర్చీ దిగి గాట్‌ఫ్రీడ్ నోయ్‌మైస్టర్‌కు అప్పగించారు.

2025 ఫిబ్రవరి 25న అప్పులవాళ్లు తమకు రావలసిన దాంట్లో 30 శాతం నగదు తీసుకుని మిగతాది వదులుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ 30 శాతమైనా కట్టడానికి డబ్బు కావాలి కదా. మే నెలలో గడువు ముంచుకొచ్చిన రోజుల్లో బజాజ్ ఆటో మొత్తం 80 కోట్ల యూరోల ఏర్పాటు ప్రకటించింది. ఈ మధ్యలో మార్చిలో మొదలైన తయారీ విడిభాగాలు అందక ఏప్రిల్ ఆఖరులో మళ్లీ ఆగి, జూలై చివరిలో కదిలింది. అనుమతులన్నీ వచ్చాక నవంబరులో పగ్గాలు బజాజ్ చేతికి వచ్చాయి. మాతృసంస్థ పియరర్ మొబిలిటీ పేరు ఇప్పుడు బజాజ్ మొబిలిటీ.

ఇక స్పేర్లు. పత్రికల్లో వెతికితే దీనికి జవాబు దొరకదు. మీ దగ్గరి డీలరు స్పేర్ల కౌంటరుకు ఫోను చేయండి. పిస్టన్ కిట్టు, ఆయిల్ పంపు, పెట్రోలు ఇంజెక్టరు, క్లచ్ ప్లేట్లు, నీటి పంపు సీళ్లు, వెనక చక్రం బేరింగులు, ఈ ఆరూ 2020 ఎక్స్‌సీ-డబ్ల్యూకు ఇవాళ ఉన్నాయా, లేకపోతే ఎన్ని రోజులని అడగండి. ఆ ఫోను మీరు ఏడాదిగా చదివిన వార్తలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

---

లెక్కలమాస్టారు (పుణె)
జనవరి 12

బాగా రాశారు. నేను వాహన కంపెనీల లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను, రెండు ముక్కలు కలుపుతాను.

బజాజ్ నిన్న మొన్న వచ్చి వాలలేదు. 2007లోనే 14.5 శాతం వాటా కొని లోపలికి అడుగు పెట్టింది. 2012లో మనకు 200 డ్యూక్ వచ్చింది ఆ బంధంతోనే. ఇక్కడ చాకన్‌లో చిన్న డ్యూక్‌లు తయారవుతాయి. కాబట్టి అల్లుడే ఇల్లు కొనుక్కున్న సందర్భం అనుకోండి.

అయితే బజాజ్ ఉంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడమూ తప్పే. కొత్త యజమాని వచ్చాక ముందు కత్తెర పడేది తక్కువ అమ్ముడయ్యే రకాల మీద. రేపు టూ స్ట్రోకులను ఎంతవరకు కొనసాగిస్తారన్నది ఒక ప్రశ్న, మీరు కొనే 2020 బండికి స్పేర్లు ఉంటాయా అన్నది వేరే ప్రశ్న. వార్తలు చదివేటప్పుడు మనం ఈ రెండూ కలిపేసి కంగారు పడతాం. అమ్మేసిన బళ్లకు స్పేర్లు అమ్ముకోవడం కష్టాల్లో ఉన్న కంపెనీకి కూడా లాభమే, దాన్ని ఎవరూ తొందరపడి వదులుకోరు. పైగా పిస్టన్లు వైసెకో, వెర్టెక్స్ వంటి బయటి కంపెనీలవీ దొరుకుతాయి.

ఇంకొకటి. వార్తల వల్ల మీకు 800 డాలర్లు తగ్గింది. రెండేళ్ల తర్వాత మీరు అమ్మేటప్పుడు కూడా కొనేవాడు అవే వార్తలు చదివి వస్తాడు. ఆ 800 లాభం అనుకోకండి.

---

కొండగుర్రం (ఫీనిక్స్)
జనవరి 13

ఎనిమిదేళ్లుగా వైజెడ్125 నడుపుతున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని, కాబట్టి భక్తుడు గారు వయసు గురించి మాట్లాడవద్దు.

తమ్ముడూ, అడవి బాటల్లో తిరగడానికి వైజెడ్250 కొనకు. అది ట్రాక్ మీద గెంతడానికి కట్టిన బండి. మొదటి గేరు పెద్దది, సస్పెన్షన్ గట్టిది, వెనక చక్రం 19 అంగుళాలు. చెట్ల మధ్య మెల్లగా వెళ్లాల్సి వచ్చినప్పుడు చేతులు పడిపోతాయి. యమహావే కావాలంటే 2016 నుంచి వచ్చిన వైజెడ్250ఎక్స్ వెతుకు. ఇంజను అదే వంశం, గేర్ల మధ్య ఎడం ఎక్కువ, సస్పెన్షన్ మెత్తన, వెనక 18 అంగుళాల చక్రం, ఆఖరికి స్టాండు కూడా ఉంది. వైజెడ్‌ను ఆపితే గోడ వెతుక్కోవాలి.

యమహా వైపు చెప్పాల్సింది ఒకటుంది. 2005లో అల్యూమినియం ఫ్రేము, 2006లో ఇప్పటి సస్పెన్షన్ వచ్చాక 250 ఇంజనును పెద్దగా ముట్టుకోలేదు. దీన్ని కొందరు బద్ధకం అంటారు. నాకైతే అదే వరం, పాతికేళ్ల కుర్రాడు పనిచేసే కౌంటరులో కూడా దాని స్పేరు చూడకుండా అందిస్తారు.

కేటీఎం 300 సంగతి. నీ అవసరానికి సరైన బండి అదే. బటన్ స్టార్ట్‌ను తేలిగ్గా తీసుకోకు. ఏటవాలులో, బురదలో, చెట్టుకు ఆనుకుని నిలబడి ఎనిమిదోసారి కిక్ కొట్టినవాళ్లను అడుగు. అయితే టీపీఐ అంటే కార్బురేటరు లేదు. సిలిండరు పక్కన రెండు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతాయి, నూనె వేరే ట్యాంకు నుంచి పంపు ద్వారా వెళుతుంది. కార్బురేటరు అయితే అడవిలో స్క్రూడ్రైవరుతో బాగు చేసుకుంటావు. ఇక్కడ పెట్రోలు శుభ్రంగా ఉండాలి, ఫిల్టర్లు మార్చాలి, ఆయిల్ ట్యాంకు ఎండిపోకుండా చూసుకోవాలి. దాన్ని మరిచిపోయే మనిషివైతే కొనకు.

ఏది కొన్నా ఫ్రేము మీద 17 అక్షరాల నంబరును కాగితంతో సరిచూడు. పదో అక్షరం మోడల్ సంవత్సరం. జాతీయ అడవిలోకి వెళ్లాలంటే సైలెన్సరులో నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. టెక్సస్ పార్కుల శాఖ స్టిక్కరూ కొనాలి.

---

నాలుగు_స్ట్రోకుల_భక్తుడు
జనవరి 13

అక్కకు నమస్కారం, వయసు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాని ఇన్ని జాగ్రత్తలు చదివాక మీకే అనిపించడం లేదా? హోండా 2007తో సీఆర్250ఆర్ ఆపేసింది. కవాసాకీ కూడా అప్పుడే పెద్ద కేఎక్స్ టూ స్ట్రోకులు వదిలింది, సుజుకీ ఆ తర్వాత ఏడాది. అందరూ పిచ్చివాళ్లా? ప్రపంచం తీర్పు చెప్పేసింది.

---

కొండగుర్రం
జనవరి 13

ప్రపంచం తీర్పు కాదు, రూలు బుక్కు తీర్పు. అమెరికా రేసుల్లో 250 సీసీ టూ స్ట్రోక్ పక్కన 550 సీసీ దాకా ఫోర్ స్ట్రోక్‌ను అనుమతించారు. 1997లో లాస్ వేగస్‌లో జరిగిన సూపర్‌క్రాస్ (స్టేడియంలో మోటోక్రాస్) రేసులో డగ్ హెన్రీ యమహా ఫోర్ స్ట్రోక్ ప్రయోగ బండి మీద గెలిచాడు. మరుసటి ఏడాది అదే వైజెడ్400ఎఫ్‌గా దుకాణాల్లోకి వచ్చింది. దాని మీదే 1998 జాతీయ మోటోక్రాస్ కిరీటమూ ఆయనదే. ఒకటిన్నర రెట్లకు పైగా పెద్ద ఇంజనుతో గెలిచి "మాది మెరుగైన సాంకేతికత" అంటే ఎలా?

పొగ విషయంలో మాత్రం మీరు చెప్పింది ఒప్పుకుంటాను. పెట్రోలు కొంత కాలకుండానే బయటకు పోతుంది, దాన్ని సమర్థించలేను. టీపీఐ వచ్చిందే అందుకు.

---

పిస్టన్_బాబాయి
జనవరి 14

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. ఆ అమ్మాయి చెప్పినదానికి ఎదురు లేదు. భోగి పొగకన్నా టూ స్ట్రోక్ పొగ నయమని మా ఇంట్లో అంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు.

---

దుమ్ముదారి
జనవరి 18, ఆదివారం

పండగ, ఆఫీసు పనుల వల్ల ఆలస్యమైంది. నిన్న రెండు బళ్లూ చూసి వచ్చాను.

అడవికి కాదు, మొదట నచ్చిన బండి కాబట్టి చూడాలన్న కుతూహలంతో వైజెడ్ దగ్గరకు వెళ్లాను. బాబాయి గారూ, సిలిండరు మీద చెయ్యి పెట్టాను. ఉడుకుతున్న పాలగిన్నె. "ఇప్పుడే ట్రైలరు మీదికి ఎక్కించి దించాను" అన్నాడు. మీరు చెప్పినట్టే వీధి చివర కాఫీ తాగి గంటన్నర తర్వాత వచ్చాను. పదకొండు కిక్కులు. ఒకటి నా పిక్క మీద కూడా తగిలింది.

గొట్టం విప్పనిచ్చాడు పాపం, ఆ మాట చెప్పుకోవాలి. టార్చి కొట్టి చూస్తే పిస్టన్ మీద మూడు నిలువు గీతలు, గోరు తగిలేంత లోతు. గాలి ఫిల్టరు కొత్తది, దాని వెనక రబ్బరులో మాత్రం ఇసుక. అక్కా, నంబరులో పదో అక్షరం చూశాను. 8 ఉండాల్సిన చోట 6 ఉంది. కాగితంలోనూ 2006 అనే ఉంది. అడిగితే, "ప్లాస్టిక్ 2008ది వేశాను కదా" అన్నాడు. అంత సూటిగా చెప్పాక కోపం కూడా రాలేదు.

కేటీఎం ఒక పెద్దాయనది. గ్యారేజీలో నేల మీద నూనె చుక్క లేదు. ఇంజను మంచులా చల్లగా ఉంది, బటన్ నొక్కితే రెండో తిప్పుకు అందుకుంది. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరు 118 చూపించింది. ఆయన ఒక పాత నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఏ తేదీన గేరు ఆయిల్ మార్చాడో, ఫిల్టరు ఎప్పుడు కడిగాడో, ఎన్ని గంటలకు పిస్టన్ మార్చాడో, అప్పుడు సిలిండరు కొలతలు ఎంతో పెన్సిలుతో రాసుకున్నాడు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే మోకాలు చూపించాడు. ముందు ఫోర్కు ఎడమ సీలు కారుతోందని అడగకుండా తానే చెప్పాడు.

లింజ్ గారూ, శుక్రవారం డీలరుకు ఫోను చేశాను. ఆరింటిలో నాలుగు వాళ్ల అరలోనే ఉన్నాయి. ఆయిల్ పంపు నాలుగు రోజులు, ఇంజెక్టరుకు రెండు వారాలు అన్నారు.

ఇంకా డబ్బు ఇవ్వలేదు. రేపటిలోగా చెప్పమన్నాడు.

---

లెక్కలమాస్టారు
జనవరి 18

ఇంకా ఆలోచిస్తున్నారా? నోటు పుస్తకంతో సహా కొనండి. పుస్తకం ఇవ్వనంటే బండి వద్దు!

---

నాలుగు_స్ట్రోకుల_భక్తుడు
జనవరి 18

ఫోర్కు సీలుకు వంద తగ్గించమనండి. నేను ఇంతకన్నా టూ స్ట్రోక్‌కు సాయం చేయలేను.

---

లింజ్_నుంచి
జనవరి 18

ఇంజెక్టరుకు రెండు వారాలంటే ఇప్పుడే ఒకటి తెప్పించి పెట్టుకోండి. ఆయిల్ పంపు కూడా. రెండూ డబ్బాలో ఉంటే వార్తలు చదవడం మానేసినా ఫరవాలేదు.

---

దుమ్ముదారి
జనవరి 25, ఆదివారం

కొన్నాను. 5,250. నోటు పుస్తకం ఇచ్చాడు, పాత గ్లౌజులు కూడా.

నిన్న మొదటిసారి అడవికి తీసుకెళ్లాను. 22 మైళ్లు తిరిగాను, నాలుగుసార్లు పడ్డాను. ఒకటి మాత్రమే చెప్పుకోదగ్గది, పైన్ చెట్టు వేరు మీద. బటన్ స్టార్ట్ గురించి అక్క చెప్పింది ఆ వేరు దగ్గర అర్థమైంది. భక్తుడు గారు ఫిబ్రవరిలో డాలస్ నుంచి వస్తానని విడిగా సందేశం పంపారు, హోండాతో.

తిరిగొచ్చాక వీడియో కాల్‌లో నాన్నగారికి బండి చూపించి స్టార్ట్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, లైను పోయిందేమో అనుకున్నాను.

"ఆయిల్ కలిపావా?" అన్నారు చివరికి.

కలపక్కరలేదు, వేరే ట్యాంకు ఉంది నాన్నా అన్నాను.

"మన ఆర్‌ఎక్స్‌కూ వేరేగానే ఉండేది కదరా. దీనికి మూత ఎక్కడ?"

హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర చూపించాను. ఫోను దగ్గరగా పెట్టమన్నారు. మూత తీసి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"సగమే ఉంది. పొయ్యి."